వెళ్ళిన పని

గోడమీది బోర్డులో ఇరవై రెండు వెలిగింది. ఆమె చేతిలో చీటీ ముప్పై ఒకటి. ఇంకా తొమ్మిది మంది, మనిషికి ఆరేడు నిమిషాలు వేసుకున్నా గంట పడుతుంది, గంటంటే మామూలు రోజుల్లో ఆమెకి ఒక మోకాలు, లేకపోతే ఒక భుజం, ఇవాళ మాత్రం గంటంటే ఒట్టి గంటే, ఇనప కుర్చీలో కూర్చుని ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పన్నుల ఆఫీసు గోడలు చూడటం. పద్దెనిమిదేళ్ళుగా ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేయించే మనిషికి ఊరికే కూర్చోవడం చేతకాదు, కూర్చుంటే కళ్ళు ఎదుటివాళ్ళ ఒళ్ళు చదవడం మొదలుపెడతాయి: ఆ మూల పెద్దాయన కుడి తుంటి మీద బరువు వెయ్యట్లేదు, తలుపు దగ్గర బంట్రోతు మెడ ముందుకు వాలిపోయింది, ఇంకో అయిదేళ్ళలో చేతుల్లోకి తిమ్మిర్లు దిగుతాయి, చెబితే వింటాడా, వినడు, ఎవరూ వినరు, నొప్పి పుట్టాక వింటారు. తన మణికట్లే తనకి నొప్పి. ఇతరుల కీళ్ళు కదిపీ కదిపీ తన కీళ్ళు అరిగిపోయాయి. వీటికేమన్నా తరుగుదల ఇస్తారా అని ఆడిటర్‌ని ఒకసారి వేళాకోళానికి అడిగితే ఆయన నవ్వలేదు. "కారుకిస్తారమ్మా, మనిషికివ్వరు," అన్నాడు.

కారు ఆమె సొంతం. ఏజెన్సీ వాళ్ళు రోగుల పేర్లూ అడ్రసులూ ఇస్తారు, కారివ్వరు, పెట్రోలివ్వరు, అందుకని పనిమీద తిరిగిన మైలుకి ఇంత చొప్పున సంపాదనలోంచి తీసేసి మిగిలినదానికే పన్ను కట్టుకోవచ్చు. తిరిగానని నోటితో చెబితే చాలదు, పుస్తకం కావాలి. ఏ తేదీ, బయల్దేరేటప్పుడు మీటరు ఎంత, చేరాక ఎంత, ఎక్కడికి, ఆఖరున కాస్త వెడల్పాటి గడి, దాని నెత్తిన 'వెళ్ళిన పని' అని అచ్చేసి ఉంటుంది. పొద్దున ఇంట్లోంచి మొదటి రోగి దగ్గరికి పోయింది లెక్కలోకి రాదు, సాయంత్రం ఆఖరి రోగి దగ్గర్నించి ఇంటికొచ్చింది రాదు, నడుమ తిరిగిందే పని. ఇంట్లోంచి బయటపడటం, మళ్ళీ వచ్చి ఇంట్లో పడటం ఎవరి అవస్థ వాళ్ళదే అని ప్రభుత్వం వారి ఉద్దేశం కాబోలు. ఆమె అవీ రాస్తుంది. ఎక్కడికెళ్ళినా రాస్తుంది, కూరగాయలకెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళినా, కారాపి, తలుపు తియ్యకముందే రాస్తుంది, పెళ్ళయిన కొత్తలో అతను పక్కసీట్లో కూర్చుని నవ్వేవాడు, అయిదారేళ్ళు పోయాక నవ్వడం మానేసి తన వైపు తలుపు తీసుకుని ముందే దిగిపోయేవాడు, ఆ తలుపు పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది, గట్టిగా ఏం పడలేదు, మామూలుగానే పడింది, మామూలుగా పడటమే గుర్తుండిపోయింది.

ఇరవై మూడు. ఎవరో ఆవిడ సంచీ సర్దుకుంటూ లేచింది. ఒళ్ళోని పుస్తకం రెండేళ్ళ కిందటిది, అట్ట మూల నలిగిపోయింది. అందులో ఆ ఏడాది పనిమీద తిరిగినట్టు చూపించిన మైళ్ళు పదకొండు వేల నాలుగొందలు. వాటిలో నలభై మూడు వరసలకి ఆఖరి గడి ఖాళీ. తేదీ ఉంది, మీటరు ఉంది, 'ఎక్కడికి' అన్నచోట 'టైలరింగ్ షాపు' అని ఉంది, వెళ్ళిన పని మాత్రం లేదు. అన్నీ గురువారాలే. ఆడిటర్ ఆమెనేం అడగలేదు, కాగితాలు టైపు చేయించేటప్పుడు ఆ నలభై మూడింటికీ 'రోగిని చూడటానికి' అని కొట్టించేశాడు, ఆ రోజుకి ఆమె ఏడిళ్ళు తిరిగొచ్చింది, వేలు పెట్టి చూపించినచోట సంతకాలు పెట్టి ఇంటికెళ్ళి పడుకుంది. ఇప్పుడు ఉత్తరం వచ్చింది, అసలు పుస్తకం పట్టుకుని స్వయంగా రమ్మని. ఆడిటర్ ఫోన్లో గొంతు తగ్గించి, "రెండూ సరిపోకపోతే చిక్కేనమ్మా, పుస్తకం మొత్తాన్నే నమ్మం అనొచ్చు, పదకొండు వేలూ కొట్టెయ్యొచ్చు. వెళ్ళేలోపు ఆ గడులు నింపెయ్యండి. మీరు వెళ్ళారా లేదా? వెళ్ళారు. ఆ షాపావిడకి వైద్యం చేశారా లేదా? చేశారు. ఇంకేం?" అన్నాడు. ఇంకేం. వారం రోజుల నుంచీ ఆమె కూడా అదే అనుకుంటోంది, ఇంకేం, మోకాళ్ళు కదుపుతూ, భుజాలు తిప్పుతూ, పది లెక్కపెట్టండి, ఇంకో అయిదు, ఇంకేం.

పక్క కుర్చీలో మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఒకాయన తన పుస్తకం తాను రాసుకుంటున్నాడు. మోకాళ్ళమీద సంచీ, సంచీ మీద పుస్తకం, చొక్కా జేబుకి మూడు పెన్నులు, ఒక నీలం, ఒక నలుపు, ఒకటి సగం ఎండిపోయిన నీలం. నాలుగు వరసలు నీలంతో రాస్తాడు, మూత పెడతాడు, రెండు నలుపుతో రాస్తాడు, మధ్యలో ఒక వరస కావాలని కొట్టేసి దిద్దుతాడు, వేలికి టీ అద్దుకుని పేజీ మూల ఒక చుక్క వేసి ఆరేదాకా ఊదుతాడు. పరీక్ష రాసే పిల్లాడిలా నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆమె చూస్తోందని తెలిసి సిగ్గేమీ పడలేదు. "ఒకే పెన్నుతో రాస్తే ఏడాదంతా ఒక్కరోజే తిరిగినట్టుంటుందండీ," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. నిజంగా తిరిగిన తన పుస్తకం మొదటినుంచీ చివరిదాకా ఒకే నల్ల పెన్నుతో ఉంది, గ్లవ్ బాక్సులో దారం కట్టి పెట్టిన పెన్ను, నిజంగా తిరిగినవాళ్ళకి పెన్నులు మార్చే తీరికెక్కడిది. ఆయన ఆమె పుస్తకంలోకి తొంగి చూశాడు. "ఖాళీలున్నాయే! అమ్మో, ఖాళీ ఉండకూడదండీ. ఖాళీ కనబడితే వాళ్ళు అక్కడే వేలు పెడతారు. ఇదుగో, నల్లది మీదాంట్లో కలిసిపోతుంది, తీసుకోండి."

ఆమె తీసుకుంది. వద్దనడానికి కూడా ఓపిక లేక తీసుకుంది. పెన్ను బరువుగా, వెచ్చగా ఉంది.

రోగిని చూడటానికి. రాస్తే అబద్ధమా? ఆవిడ రోగే. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడ్చేది, మాట పోయింది. పక్షవాతం వచ్చిన మనిషి రోగి కాకపోతే ఎవరు రోగి. కానీ ఆవిడ రోగి కాకముందు అత్తగారు, అత్తగారు కాకముందు టైలరు, ఈ వరస మొదట్నించీ తలకిందులే, ఎందుకంటే ఆమె ఆవిడని మొదట చూసింది టైలరుగానే, పెళ్ళికి రెండు నెలల ముందు, అతను తీసుకెళ్ళి పరిచయం చేస్తే ఆవిడ ఏమీ అనకుండా మెడలోని టేపు తీసి భుజం కొలిచింది, ఈ భుజం నుంచి ఆ భుజానికి, రెండుసార్లు. "వంగిపోతున్నావు. కారు ఎక్కువ తోలతావా? నిటారుగా నిలబడు, లేకపోతే నేనెంత బాగా కుట్టినా వీపు ముడతలు పడుతుంది," అంది. అదే మొదటి మాట. పదకొండేళ్ళలో ఆవిడ అంతకన్నా దగ్గరి మాట అనలేదు, అంతకన్నా దూరం మాటా అనలేదు. ఇద్దరూ పోట్లాడుకున్నది లేదు, కావలించుకున్నదీ లేదు. ఆదివారం పూట ఇరవై ఏడు మైళ్ళు వెళ్ళి, దుకాణం వెనక రెండు గదుల్లో తిని, కాసేపు ఆవిడ కుట్టుకుంటుంటే చూసి, మళ్ళీ ఇరవై ఏడు మైళ్ళు. ఆ ఆదివారాలకి పుస్తకంలో 'సొంత పని' అని రాసేది. చెయ్యి తడుముకోకుండా రాసేది. ఎంత తేలికో అప్పుడు.

ఇరవై ఐదు. మధ్యలో ఇరవై నాలుగు ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

విడాకుల కాగితాల మీద సంతకాలయిన రోజున ఆమె ఒక్కతే వెళ్ళి ఆవిడకి చెప్పింది. అతను ఫోన్లో చెప్పే ఉంటాడు, అయినా వెళ్ళింది. పోట్లాటలు కావు, ఇద్దరికీ మాటలయిపోయాయి, అతను వేరేచోట మాటలు వెతుక్కున్నాడు, అంతే. ఆవిడ ఎవరిదో కోటుకి అంచు మడుస్తోంది, నోట్లో గుండుసూదులు, పెదాల మధ్య ఏడెనిమిది వరసగా. ఆమె చెప్పినంతసేపూ ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి అంచుకి గుచ్చుతూ విన్నది, అయిపోతున్నాయనగా మళ్ళీ గుప్పెడు తీసి నోట్లో పెట్టుకుంది. సూదులున్నాయి కాబట్టి మాట్లాడలేదో, మాట్లాడకుండా ఉండటానికే సూదులు పెట్టుకుందో, తిరిగొచ్చే ఇరవై ఏడు మైళ్ళూ అదే ఆలోచన.

ఎనిమిది నెలల తర్వాత అతను ఫోన్ చేశాడు. అమ్మకి ఇలా అయింది, ఆస్పత్రి నుంచి పంపించేశారు, రోజూ వ్యాయామం చేయించాలట, నీకు తెలిసినవాళ్ళెవరన్నా ఉంటే చెప్పు. ఆమె ముగ్గురి నంబర్లిచ్చింది. ముగ్గురూ అంత దూరం రామన్నారు. వాళ్ళని తప్పుపట్టలేదు, తనైనా రాననే అంటుంది. బుధవారం రాత్రి పడుకుంటే ఆవిడ కుడిచెయ్యి కళ్ళముందు కదిలింది, చెయ్యంటే చెయ్యి కాదు, కత్తెర పట్టిన చెయ్యి, గుడ్డని కొయ్యకుండా నీళ్ళలో తోసినట్టు తోసుకుపోయే కత్తెర. మొదటి ఆరు వారాలూ ముఖ్యం, ఆ ఆరు వారాల్లో కదలని వేలు తర్వాత కదలడం కష్టం, ఇది జాలి కాదు, చదువు. గురువారం మధ్యాహ్నం ఆమెకి సెలవు, వారమంతటికీ అదొక్కపూటే, ఆ పూట నిద్రపోతుంది. ఆ గురువారం నిద్రపోలేదు. కారాపింది, మీటరు రాసింది, 'ఎక్కడికి' గడిలో 'టైలరింగ్ షాపు' అని రాసింది, పక్క గడి దగ్గర పెన్ను ఆగింది. 'సొంత పని' అని రాయబోతే, ఇప్పుడు సొంతమేముంది అనిపించింది. 'రోగి' అని రాయబోతే, ఏజెన్సీ పంపలేదు, బిల్లు లేదు, ఫీజు లేదు. వచ్చేటప్పుడు రాద్దాంలే అనుకుని దిగింది.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఇటు తిరగలేదు. పక్కింటావిడ, "చూడండి, ఎవరొచ్చారో," అంటే భుజం ఇంకా బిగుసుకుంది. సరే, భుజం బిగుసుకుందంటే కండ పనిచేస్తోందన్నమాట, ఆమె ఏం మాట్లాడకుండా ఆ వైపుకే వెళ్ళి, గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చుని, చెయ్యి తీసుకుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఒక్కొక్కటీ పదేసి సార్లు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. రెండో వారం కళ్ళు తెరిచింది. అయిదో వారం బొటనవేలు దానంతటది కదిలింది, ఇద్దరూ దాన్ని చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. మంచం మెత్తన, పనికిరాదని దుకాణంలోకి తీసుకొచ్చి గుడ్డలు కత్తిరించే బల్లమీద దుప్పటి పరిచి పడుకోబెట్టింది, అరవయ్యేళ్ళ సుద్దపొడి ఆ బల్ల సందుల్లో, కాలు లేపినప్పుడల్లా లేచేది, ఇద్దరికీ తుమ్ములు. ఇస్త్రీపెట్టె వాసన. కొలతలు రాసుకున్న చీటీలు గోడకి, ఎవరివో నడుములు, ఎవరివో మెడలు, చాలామంది ఈపాటికి లావెక్కి ఉంటారు. నిటారుగా కూర్చోండత్తయ్యా, భుజాలు వంగిపోతున్నాయి, అని తన నోటితో తను అన్నాక అది ఎవరి మాటో గుర్తొచ్చి ఆగింది. ఆవిడకి కూడా గుర్తొచ్చినట్టుంది, మూతి ఎడమ పక్క కాస్త లేచింది. కుడి పక్క లేవలేదు.

నాలుగు నెలలు మాట రాలేదు. ఊఁ, ఆఁ, లేకపోతే ఒకదాని బదులు ఇంకోటి, నీళ్ళు కావాలంటే దారం అనేది, కోపమొచ్చేది, ఎడమచేత్తో బల్లని కొట్టేది. ఒక గురువారం వంతెన మూసేశారు, చుట్టూ తిరిగి వెళ్ళాల్సొచ్చింది, ఆ ఒక్కరోజు మాత్రం పుస్తకంలో రానూపోనూ యాభై నాలుగు బదులు అరవై ఒకటి ఉంటుంది. నలభై నిమిషాలు ఆలస్యంగా లోపలికి పోతే ఆవిడ ఎవరి సాయం లేకుండా లేచి, బల్ల అంచు పట్టుకుని, వీధి తలుపుకేసి చూస్తూ నిలబడి ఉంది. "ఇంత ఆలస్యమా?" అంది. తప్పులేకుండా, మొత్తం మాట. ఆమె సంచీ కింద పెట్టి, "వంతెన మూసేశారు," అంది, నాలుగు నెలలుగా ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నట్టే అంది. తర్వాత కారులో కూర్చుని మీటరు రాసుకుంటూ చాలాసేపు ఏడ్చింది. ఆ గడీ ఖాళీగానే ఉంది.

ఇరవై ఎనిమిది. మందుల కంపెనీ ఆయన నెలాఖరుకొచ్చాడు, మెడ విరుచుకున్నాడు. అలా విరవకూడదు, చెబుదామనుకుని ఊరుకుంది. నలభై మూడో గురువారం దుకాణం ముందు వ్యాను ఉంది. అతను కుట్టుమిషను ఎక్కిస్తున్నాడు. "అమ్మని మా ఊరు తీసుకెళ్తున్నా. నీకు చెబుదామనే అనుకున్నా," అన్నాడు. మంచివాడే, ఎప్పుడూ చెబుదామనే అనుకుంటాడు. కొత్త కోడలు అక్కడ ఒక థెరపిస్టుని మాట్లాడిందట, ఇంటికి రెండు వీధుల అవతలేనట. ఆవిడ ముందుసీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. బండి కదులుతుంటే కిటికీలోంచి కుడిచెయ్యి పైకెత్తింది, భుజం ఎత్తుకి వచ్చింది, ఇంకొంచెం. తొంభై డిగ్రీలు, అనుకుంది ఆమె. ఆ క్షణాన ఇంకేం తోచలేదు, తొంభై డిగ్రీలు, పోయిన వారం డెబ్భై అయిదే. అప్పట్నించీ గురువారం మధ్యాహ్నాలు నిద్రపోదామని పడుకుంటుంది. పడుకుంటుంది, అంతే.

నిన్న సాయంత్రం ఆవిడకి ఫోన్ చేసింది. ఏడాదిలో మూడోసారి. ఫీజు తీసుకుని వైద్యం చేసిందని ఆవిడ చేత ఒక ఉత్తరం రాయించుకుంటే ఇక తిరుగుండదని ఆడిటర్ సలహా. పన్నుల వాళ్ళ సంగతంతా విడమరిచి చెప్పింది. ఆవిడ మాట ఇప్పుడు వస్తుంది, నెమ్మదిగా, ఒక్కో మాటా కుట్టు విప్పి తీస్తున్నట్టు.

"ఏం రాయమంటావు?"

"మీకు వైద్యం చేశానని. మీరు డబ్బులిచ్చారని."

"నేనివ్వలేదుగా."

"ఇవ్వలేదనుకోండి. ఊరికే, కాగితం కోసం."

అటువైపు టీవీ వినబడింది, ఎవరో దాన్ని తగ్గించారు.

"రాస్తాను. ఇప్పుడు చెయ్యి తిరుగుతోంది, రాస్తాను," అంది ఆవిడ. "రాస్తే నువ్వు డ్యూటీకి వచ్చినట్టవుతుంది. పరవాలేదా?"

ఆలోచించుకుని రేపు చెప్తానత్తయ్యా, అంది ఆమె.

పరవాలేదనుకోవాలి. నలభై అయిదేళ్ళొచ్చాయి, ఒంటరి మనిషి, పదకొండు వేల మైళ్ళు కొట్టేస్తే ఈ ఏడు కారుకి కొత్త టైర్లుండవు, వచ్చే ఏడు కారే ఉండదు, కారు లేకపోతే పని లేదు. ఒక్క మాటకోసం, అదీ ఎవరూ చదవని గడిలో. ఆమె పుస్తకం తెరిచింది, మొదటి ఖాళీ వెతికింది, నల్ల పెన్ను మూత తీసింది. 'రో' అని రాసింది. 'రో' పక్కన 'గి' పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? బల్లమీద సుద్దపొడి, గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కున్న తన మోకాళ్ళు, మూసుకున్న ఆ కళ్ళు. తను రోజుకి ఏడుగురు రోగుల్ని చూస్తుంది. రోగుల దగ్గర తనెప్పుడూ ఇరుక్కుని కూర్చోలేదు, మంచం జరిపిస్తుంది. చెయ్యి కదల్లేదు. మూత పెట్టి పెన్ను ఆయనకిచ్చేసింది. "అయిపోయిందా?" అన్నాడాయన. "లేదండీ," అంది. "అలిసిపోయాను."

ముప్పై ఒకటి.

లోపల ఆఫీసరు చిన్నపిల్ల, ముప్పై ఉంటాయేమో, జలుబుతో ముక్కు ఎర్రగా అయిపోయి బల్లమీద రుమాళ్ళ పెట్టె పెట్టుకుని ఉంది. టైపు చేసిన కాగితం ఒక పక్క, పుస్తకం ఒక పక్క పెట్టుకుని వేలితో దిగుతూ వచ్చింది, మార్చి దగ్గర వేలు ఆగింది.

"ఇదేమిటండీ, 'రో'?"

"రోగి అని రాయబోయానండీ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. బయట కూర్చుని."

ఆఫీసరు తలెత్తి చూసింది. ముక్కు తుడుచుకుంది. అబద్ధం చెప్పేవాళ్ళని రోజంతా చూసే మనిషికి ఇదెక్కడ పెట్టాలో తెలిసినట్టు లేదు. "మరెందుకు ఆపేశారు?" అంది. ఆమె చెప్పింది. పెద్దగా ఏం చెప్పలేదు, ఆవిడ తన భర్త తల్లి అనీ, విడాకులయ్యాయనీ, ఆ తర్వాత పక్షవాతమనీ, గురువారాలనీ, ఫీజు లేదనీ, టైపు కాగితం చూడకుండా సంతకం పెట్టడం తన తప్పేననీ. చెబుతుంటే ఎంత చిన్నదో అనిపించింది, నాలుగు మాటల్లో అయిపోయింది.

"అంటే మాజీ అత్తగారు. చూడండి, ఇక్కడ రెండే ఉంటాయి, పనైనా కావాలి, సొంతమైనా కావాలి. మూడోది లేదు."

"అయితే సొంతమేనండీ."

"సొంతమంటే ఆ మైళ్ళు పోతాయి. తెలుసుగా? పన్ను తేడా కట్టాలి, తప్పు చూపించినందుకు జరిమానా ఉంటుంది."

"తెలుసు."

ఆఫీసరు యంత్రం మీద కొట్టింది, నలభై రెండు యాభైనాలుగులు, ఒక అరవై ఒకటి. రెండు వేల మూడొందల ఇరవై తొమ్మిది. మిగతా పేజీలు తిప్పి అక్కడొకటీ ఇక్కడొకటీ ఏజెన్సీ బిల్లులతో సరిచూసింది, తొమ్మిది చూస్తే తొమ్మిదీ సరిపోయాయి, ఇక చాల్లెమ్మని మూసింది. "ఈ మిగతా మైళ్ళు కొట్టెయ్యట్లేదు, ఉంచుతున్నాను. మీ ఆడిటర్‌ని మార్చుకోండి," అని తుమ్మింది. "ఆ గడులు మాత్రం ఖాళీగా వదలకూడదు. పక్కన కూర్చుని మీ చేత్తో నింపి, తేదీ వేసి సంతకం పెట్టి ఇవ్వండి."

"ఏం రాయమంటారు?"

"ఎందుకెళ్తే అది."

గోడవార స్టూలు మీద కూర్చుని, 'రో'ని అడ్డంగా కొట్టేసి, పక్కన 'అత్తయ్య దగ్గరికి' అని రాసింది. ఆఫీసరు బల్లమీంచి వంగి చూసి, "మాజీ అన్నారుగా?" అంది. "అది ఎక్కడ పెట్టాలో తెలీలేదండీ," అంది ఆమె. ఆఫీసరు ఒకసారి రాసి కింద దాకా గీత లాగేస్తే చాలని చెప్పి ముప్పై రెండుని పిలిచింది. మందుల కంపెనీ ఆయన మూడు పెన్నులతో లోపలికొచ్చాడు. ఆమె గీత లాగలేదు. అత్తయ్య దగ్గరికి. అత్తయ్య దగ్గరికి. ఇది బొటనవేలు కదిలిన వారం. ఇది ఆవిడ దారం అంటూ బల్ల కొట్టిన వారం. అత్తయ్య దగ్గరికి. ఇది జ్వరంతో వెళ్ళి ఆ బల్లమీద తనే గంటసేపు పడుకున్న వారం, ఆవిడ ఎడమచేత్తో నుదుటిమీద తడిగుడ్డ వేసింది, నీళ్ళు చెవిలోకి కారాయి. ఇది ఏమీ జరగని వారం. ఇదీ ఏమీ జరగని వారమే. మణికట్టు లాగుతోంది, అక్షరాలు వంకరపోతున్నాయి, ఎదురుగా ఆయన, "అయ్యో, అది టీ మరకండీ, నిజం మరక!" అని ఆఫీసరుకి చెప్పుకుంటున్నాడు, ఆమె రాస్తూనే ఉంది, ముప్పై తొమ్మిది, నలభై, వ్యాను దాకా.

బయట ఎండ తెల్లగా ఉంది. కారు లోపల కాలిపోతోంది, తలుపు తెరిచిపెట్టి సీట్లో పక్కకి కూర్చుని, కాళ్ళు నేలమీద ఉంచి ఫోన్ చేసింది. ఆవిడే ఎత్తింది.

"ఉత్తరం అక్కర్లేదత్తయ్యా."

"ఎందుకని?"

"డ్యూటీ కాదని రాసేశాను."

ఆవిడ ఊపిరి వినబడుతోంది. మాట వెతుక్కుంటోందో, ఉన్న మాటే ఆపుకుంటోందో. ఆమె తొందరపెట్టలేదు, తొందరపెట్టకూడదు, మాట పోయి వచ్చినవాళ్ళకి టైమివ్వాలి.

"జరిమానా వేశారా?"

"వేశారు. కట్టుకోవచ్చులెండి."

"మైళ్ళెన్నట?"

"రెండు వేల మూడొందల ఇరవై తొమ్మిది."

"అంత దూరమా?" అంది ఆవిడ. మళ్ళీ, "మనిల్లు అంత దూరమా?" అంది.

ఆ దుకాణంలో ఇప్పుడెవరో చెప్పులమ్ముతున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె చేత్తో కళ్ళు తుడుచుకుని, తెరిచిన తలుపుకి తల ఆనించింది.

"దూరమే అత్తయ్యా," అంది. "తిరిగొచ్చేటప్పుడే తెలిసేది."